శేషం ఒకటి

లక్షా నాలుగు వేల ఏడు వందల ఇరవై తొమ్మిది. పొద్దున పళ్లు తోముకునేటప్పుడు మొదలైంది, బస్సులో ఆగలేదు, క్లాసులో బోర్డు మీద ఇంకేదో రాస్తున్నప్పుడూ ఆగలేదు, ఇప్పుడు ఇబ్రహీంపట్నం చివర మాదన్న కుంట కట్ట కింద, మత్స్యకారుల సంఘం వాళ్ల సగం కట్టిన భవనంలో, ఎవరో పెళ్లికి తెచ్చి తిరిగి ఇవ్వని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాక కూడా సంతోషి చెవిలో జోరీగలా అదే సంఖ్య. విచారణకు రావలసిన మత్స్యశాఖ ఆఫీసరు సాగర్ రోడ్డు మీద ఇరుక్కుపోయాడట, లారీ ఏదో అడ్డం తిరిగిందట, గంట పట్టొచ్చని సంఘంలో ఫిర్యాదు పెట్టిన రత్నాకర్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే చెప్పాడు. గంటైతే గంట. పద్దెనిమిదేళ్లు ఆగినదానికి గంట ఒక లెక్కా. ఎదురుగా గుమ్మం పక్కన, కుర్చీ వేస్తే వద్దని, నేల మీద గోడకు వీపు ఆనించి బుగ్గయ్య కూర్చున్నాడు. ఈ సంఘానికి అధ్యక్షుడు, చచ్చిపోయిన ఆమె తండ్రి సైదులుకు స్వయానా అన్న, ఆమెకు పెద్దబాపు. తెగిన వల ముక్క ఒళ్లో వేసుకుని, ఏమీ జరగనట్టు, కన్ను పక్కన కన్ను ముడేస్తున్నాడు. డెబ్బై దాటినా ఆ వేళ్లు వణకవు. వణకాలి. కాసేపట్లో వణుకుతాయి. ఆమె చెప్పబోయే ఒక్క మాటతో అధ్యక్షుడి కుర్చీ పోతుంది, సంఘంలో వాటా పోతుంది, చేపపిల్లల్ని అమ్ముకున్నాడని ఠాణాలో కేసు పడుతుంది, ఈ వయసులో మెట్లు ఎక్కి దిగుతాడు. ఎక్కనీ. దిగనీ. ఒకసారి తలెత్తి ఆమె వైపు చూసి, "మంచినీళ్లు తాగినవా బిడ్డా" అన్నాడు. నీళ్లట. నీళ్ల గురించి ఈయనే అడగాలి.

సంగతి ఇంతే. పోయిన వానాకాలం కుంట నిండినప్పుడు సర్కారు చేపపిల్లల లారీ వచ్చింది. అన్ని పిల్లల్ని ఒక్కొక్కటిగా ఎవడు లెక్కపెడతాడు, అందుకని జాలిగిన్నెతో ముంచి పోస్తారు, మొదటి గిన్నెడు మాత్రం లెక్కపెట్టి, మొత్తం ఎన్ని గిన్నెలు పోశారో చూసుకుని హెచ్చవేస్తారు. అలా వచ్చిందని చెప్పి బుగ్గయ్య సంతకం పైన ఈ సంఖ్య వేసి ఇచ్చారు. ఎండాకాలం వచ్చి వల లాగితే ఏముంది, వలలో బురద ఎక్కువ, చేపలు తక్కువ. ప్లాట్ల వెంచర్ వాళ్లు కాలువకు అడ్డంగా మొరం పోసి వరద రాకుండా ఆపారని కొందరన్నారు, కొంగలు తిన్నాయని కొందరన్నారు, అసలు పిల్లలు కుంటలో పడితే కదా అని రత్నాకర్ అన్నాడు. సగం లారీ మంచాల ఊరి దిక్కు ఎవడికో అమ్మేశారని, అంకె మాత్రం ఇంట్లో కూర్చుని వేసుకున్నారని. గిన్నెలెన్ని పోశారని నిలదీస్తే, సంఘంలోని బాలేష్ సుద్దముక్కతో లారీ చెక్క మీదే గీతలు గీశాడని, గీతలతో సహా లారీ వెళ్లిపోయిందని జవాబు. లెక్క రాసుకున్న గోడ చక్రాల మీద ఉందని కూడా చూసుకోని మనుషులు వీళ్లు. రత్నాకర్ ఆ సంఖ్యను సంతోషి ఫోన్‌కు పంపాడు, ఆమె ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంది కాబట్టి, ఆమె బుగ్గయ్య మొహం చూడదని వాడకట్టంతా ఎరుగును కాబట్టి. యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతూ ఊరికే దాని వైపు చూసింది. గిన్నెకు ఇన్ని, గిన్నెలు ఇన్ని, హెచ్చవేసి తెచ్చిందే అయితే ఈ సంఖ్య రెండుగా విడిపోవాలి కదా అనుకుంది. సరిసంఖ్య కాదు. అంకెలు కూడితే ఇరవై మూడు, కాబట్టి మూడుతో పోదు. ఏడుతో రెండు మిగిలింది, పదకొండుతో తొమ్మిది మిగిలింది. కాలిక్యులేటర్ పక్కకు నెట్టేసింది, చేత్తోనే చేయాలనిపించింది, కొన్ని పనులు చేత్తో చేస్తేనే కడుపు నిండుతుంది. పదిహేడు, ఇరవై మూడు, ఇరవై తొమ్మిది, దిద్దాల్సిన పేపర్ల వెనకే కొడుతూ పోయింది, మూడు వందల ఇరవై మూడు దాకా చూస్తే చాలు, ఆపైన చూడనక్కర్లేదు, ఒక్కటీ లోపలికి దిగలేదు. చివరకు మూడు వందల పదిహేడు కూడా దిగకపోయేసరికి పెన్ను కింద పెట్టి నవ్వింది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవలేదు. ఇది దేనితోనూ భాగం పోని సంఖ్య, ప్రధాన సంఖ్య, ఫోన్‌లో వెతికితే ప్రధాన సంఖ్యల వరుసలో సరిగ్గా పదివేలవదని తేలింది. గిన్నెల్ని హెచ్చవేస్తే ఇది చచ్చినా రాదు. కాబట్టి కొలిచింది కాదు, కల్పించింది. గుండ్రంగా లక్ష అని వేస్తే అనుమానం వస్తుందని చివర గరుకుగా నాలుగంకెలు తగిలించాడు ముసలాడు. తెలివే. కానీ అబద్ధమాడేవాడికి అన్ని సంఖ్యలూ ఒక్కలాగే కనబడతాయి, ఏది భాగం పోతుందో ఏది పోదో వాడికేం తెలుసు.

భాగం అన్న మాట నోట్లో పడితే చాలు ఆమెకు చేపల నీచు వాసన వస్తుంది. క్లాసులో భాగహారం, శేషం అని బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీల వాళ్లు ఏదో అనుకుని నవ్వుతారు, నవ్వనీ, వాళ్లకు శేషం అంటే చివర్లో వచ్చే అంకె, అంతే కదా, దాన్ని మోదుగాకు పొట్లంలో తమ గడప ముందు చూడలేదు వాళ్లు. ఈ కట్ట మీదే, అదిగో ఆ తుమ్మల దగ్గర, వల ఒడ్డుకు లాగాక చేపల్ని కుప్పలు పోసేవాళ్లు, ఎంతమంది సభ్యులో అన్ని కుప్పలు, పెద్దది చిన్నది కలిపి కంటితోనే సమానం చేసి. కుప్పల్లో ఎవరి పాలు ఏదో తేల్చడానికి ఒక పిల్లను పిలిచి వీపు తిప్పి నిలబెడతారు. వెనక నుంచి కర్రతో ఒక కుప్ప మీద తట్టి ఇదెవరిదని అడిగితే, చూడకుండా, ఆ పిల్ల ఒక పేరు చెప్పాలి, చెప్పిన పేరు వాడిదే ఆ కుప్ప, ఇక దానికి తిరుగులేదు. ఆ పిల్ల సంతోషి. వేరే పిల్లలు దొంగచూపు చూస్తారని, ఇది చూడదని, బుగ్గయ్యే ఆమెను పిలిపించేవాడు. తుమ్మచెట్ల వైపు తిరిగి, రెండు చేతులూ వెనక కట్టుకుని, మొహం బిగబట్టుకుని నిలబడేది, వెనక తడి లుంగీల చప్పుడు, చేపల తోకల చప్పుడు, కర్ర చప్పుడు, పెద్దబాపు గొంతు, ఆమె పేరు మీద పేరు చెప్పేది, మల్లేష్, బాలేష్, సైదులు అన్నప్పుడు మాత్రం గొంతులో నవ్వు దూరేది, ఆ నవ్వు విని గుంపులోంచి బాపు నవ్వేవాడు. ఆ వయసుకు అంత పెత్తనం ఊళ్లో ఎవరికుంది. కుప్పలన్నీ పోయాక, అందరికీ సమానంగా రాక నాలుగో ఐదో చేపలు మిగిలేవి. అవి ఎవరి పాలూ కావు. అవి భర్త పోయిన ఆడవాళ్ల ఇళ్లకు. ఆ చిన్న చేపల్ని మోదుగాకులో చుట్టి పంచడం కూడా ఆమె పనే, ఎగురుకుంటూ పోయి ఇచ్చి వచ్చేది, తీసుకునే వాళ్ల మొహాలు ఎలా ఉంటాయో ఒక్కనాడూ చూడలేదు.

చూసింది, తర్వాత చూసింది, తమ ఇంట్లోనే చూసింది. బాపుకు కామెర్లు వచ్చాయి, పసరు వైద్యం అన్నారు, దవాఖాన అనేసరికి ఆలస్యమైంది, ఆమె ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా పోయాడు. కర్మకాండలయ్యాక మొదటిసారి వల లాగిన రోజు అమ్మ నీలమ్మ గడప దాటదు కాబట్టి సంతోషే తవ్వగిన్నె పట్టుకుని కట్ట మీదికి పోయింది. వీపు తిప్పి నిలబడ్డది వేరే పిల్ల. పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి, కుప్పలు ఒక్కొక్కటే లేచాయి, సైదులు అన్న పేరు రాలేదు. ఆమె అడిగింది. గుంపులో నిలబడి, పదహారేళ్ల పిల్ల, గొంతెత్తి అడిగింది, మా బాపు పాలేదని. అందరూ బుగ్గయ్య మొహం చూశారు. ఆయన కర్ర నేలకు ఆనించి, చదివిన పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు: "సైదులు పాలు ఇగ లేదు. ఆడివిల్లకు నీళ్లల్ల పాలుండది. నేను పెట్టిన కట్టుబాటు గాదు, పెద్దలు పెట్టిండ్రు." తమ్ముడు పోయి నెల కాలేదు. ఆ ఖాళీలో సంఘంలోకి ఎవరు వచ్చారు, ఆయన కొడుకు పరమేష్ వచ్చాడు. కట్టుబాటు ఎంత చక్కగా పనిచేసిందో చూడండి, తమ్ముడి బిడ్డ దగ్గర లేచి సొంత కొడుకు దగ్గర కూర్చుంది. ఆ సాయంత్రం గడప ముందు మోదుగాకు పొట్లం ఉంది. మిగిలిన చేపలు. అమ్మ వండింది, కారం ఎక్కువ వేసింది, కళ్లు తుడుచుకోవడానికి ఒక సాకు ఉండాలని కాబోలు. సంతోషి ముట్టలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా కుంట చేప ముట్టలేదు, కాలేజీలో తోటి లెక్చరర్లు ఫ్రైడ్ ఫిష్ తెస్తే వాసనకే లేచి పోతుంది, బెస్త పిల్ల చేప తినదట అని వాళ్లకు నవ్వు. పాలు అడిగితే శేషం ఇచ్చినవాడు వీడు. వీడని మనసులో అనుకోగానే నాలుక కరుచుకోబోయి, ఎందుకు కరుచుకోవాలని మళ్లీ అనుకుంది, వీడు, వీడు, వీడు.

ఫ్యాను తిరుగుతోంది గాని గాలి లేదు. రత్నాకర్ పక్కకు వచ్చి వంగి, టై కట్టుకోకపోయినా కట్టుకున్నట్టు మెడ సర్దుకుని, "అక్కా, సార్లకు నువ్వు జెప్తెనే సమజైతది. మేం జెప్తె కొట్లాట అంటరు" అన్నాడు. వచ్చే ఎన్నికల్లో వీడే అధ్యక్షుడవుతాడు, నీలమ్మకు సభ్యత్వం ఇప్పిస్తానని మాట కూడా ఇచ్చాడు, వీడి మాట నీటి మీది రాత అని ఆమెకు తెలుసు, తెలిసినా ఏం, తనకు వీడితో పని లేదు, వీడి చేత్తో పాము చస్తే చాలు. పొద్దున బయలుదేరుతుంటే అమ్మ గిన్నెలు కడుగుతూ అటు తిరిగే ఉండి పోవద్దంది. ఆయన మొండివాడే గాని దొంగ కాదంది. పాలు ఎత్తేసినవాడు దొంగ కాక దొరా అని సంతోషి అడిగితే, దానికీ దీనికీ ముడెందుకు పెడతావని అంది. ముడి పెట్టక. ముడి పెట్టకుండా ఇన్నేళ్లు ఎట్లా బతికిందో అమ్మ, ఆ పొట్లం ప్రతిసారీ విప్పుతూ, మోదుగాకు పారేస్తూ. సంతోషి రాత్రి మరో సంగతి కూడా కనిపెట్టింది, ఈ సంఖ్య మూడు వందల ఇరవై మూడు వర్గానికి ఇరవై వర్గం కలిపితే వస్తుంది, ఇంకో రెండు వర్గాలుగా దాన్ని రాయాలన్నా రాయలేం, అదొక్కటే దారి. దానికీ చేపలకూ సంబంధం లేదు, ఐనా కనిపెట్టినప్పుడు ఒళ్లు జలదరించింది, శత్రువు గురించి ఒక గుట్టు తెలిసినట్టు. ఇన్ని గుణాలున్న సంఖ్యను తెలియక పట్టుకొచ్చి కాగితం మీద పెట్టాడు, పాపం, పదివేలవదాన్ని, ఇంకో సంఖ్యే దొరకలేదా ఆయనకు, ఇటు ఒకటి తక్కువ వేసినా అటు ఒకటి ఎక్కువ వేసినా ఎవరికీ చిక్కేవాడు కాదు.

బుగ్గయ్య వరుస ముగించాడు. దారం పళ్లతో తెంపబోయి ఆగాడు, కళ్లద్దాలు లేని కళ్లను వలకు దగ్గరగా తెచ్చుకుని, ఎక్కడా అవసరం లేని చోట, అంచు దాటాక, ఇంకొక్క ముడి వేశాడు, ఆ ముడిని కళ్లకద్దుకున్నాడు, పెదవులు కదిలాయి. ఏమన్నాడో వినబడలేదు. వినబడాల్సిన పని లేదు. ఆ అదనపు ముడి చూడగానే ఆమెకు గుర్తొచ్చింది, అప్పుడు ఐదేళ్లో ఆరేళ్లో, పెద్దబాపు భుజాల మీద కూర్చుని ఉంది, ఆయన నడుము లోతు నీళ్లలో ఉన్నాడు, ఆయన జుట్టు గుప్పిట్లో పట్టుకుంది, కింద బాపు జాలిగిన్నెలోంచి చేపపిల్లల్ని ఒక్కొక్కటి కుండలోకి వదులుతున్నాడు, ఆమె లెక్కపెడుతోంది, నూరు దాటి లెక్కపెట్టడం ఆమెకు అదే మొదలు, తప్పితే భుజం మీంచి వేలాడే పాదం గిల్లుతున్నాడు పెద్దబాపు, తప్పకపోతే పాదం నిమురుతున్నాడు, గిన్నెలన్నీ అయ్యాక ఎవరో మొత్తం ఇంత అని అరిచారు, ఆమె కూడా అరిచింది, అప్పుడు పెద్దబాపు అన్నాడు: "గంగమ్మది మర్శినవ్ బిడ్డా. మనం పోసినయే గాదు, నీళ్లది గూడ ఒకటుంటది. గది గూడ కలిపి చెప్పు." కలిపి చెప్పింది. చెప్పాక నీళ్లకు దండం పెట్టించాడు. అది లెక్కలో ఉన్నది కాదు, లెక్క ముగిసిందని నీళ్లకు చెప్పడం, పెళ్లికి నూట పదహార్లు పెట్టినట్టు, నూరు చాలదని కాదు కదా ఆ పదహారు. ఏ ఏడూ ఆ ఒకటి మానలేదు ఈ కట్ట మీద. అది కలిపామని ఎవరికీ గుర్తు కూడా ఉండదు, ఉచ్ఛ్వాసం లెక్కపెట్టుకుంటామా. సర్కారు కాగితమైనా సరే గంగమ్మ ఒకటిని వదిలి రాయనిచ్చే మనిషి కాదు ఈయన.

కుర్చీ అంచు పట్టుకుంది. పేపర్ల వెనక తన రాత కళ్ల ముందుకు వచ్చింది. పదమూడుతో కొడితే శేషం ఒకటి. పందొమ్మిదితో కొడితే శేషం ఒకటి. యాభై మూడుతో కొడితే శేషం ఒకటి. చూసింది, రాసింది, దిగలేదు అని దాటిపోయింది, ఒకటి మిగలడానికి తొమ్మిది మిగలడానికి తేడా ఏముందని, మిగిలిందా లేదా అన్నదే కదా తనకు కావలసింది. ఒకటి తీసేస్తే ఇవన్నీ పోతాయి. ఎనిమిదితో కూడా పోతుంది. పదమూడు పందొమ్మిదులు రెండు వందల నలభై ఏడు. ఎనిమిది యాభై మూళ్లు నాలుగు వందల ఇరవై నాలుగు. ఆ రెండిటినీ హెచ్చవేసి చూసింది, మనసులోనే, రెండు వందల నలభై ఏడును నాలుగు వందల ఇరవై నాలుగుతో, లక్షా నాలుగు వేల ఏడు వందల ఇరవై ఎనిమిది, గిన్నెకు రెండు వందల యాభై అటూ ఇటూ పడతాయని ఈ కట్ట మీద ఉయ్యాలలో పిల్లకు కూడా తెలుసు. నాలుగు వందల ఇరవై నాలుగు గీతలు. లారీ చెక్క మీద, ఎక్కడో, ఏ వానకో కరిగిపోయి ఉంటాయి. కాదు, ఆగు, అంత తొందరేం లేదు, ఏ బేసి సంఖ్యలోంచి ఒకటి తీసినా దేనితోనో ఒకదానితో పోతుంది, అది సాక్ష్యం కాదు, కాకతాళీయం. కాకతాళీయంగా గిన్నెకు రెండు వందల నలభై ఏడు వస్తుందా. రాదు. ముసలాడు నిజమే రాశాడు. పిల్లలన్నీ కుంటలోనే పడ్డాయి, నీళ్లాగి చచ్చాయో కొంగలు తిన్నాయో, ఈయన తినలేదు. ఆ మాట లోపల ఎవరో అన్నట్టు వినబడగానే ఆమెకు వచ్చింది జాలి కాదు, కోపం, ఇంతకుముందు లేని కొత్త కోపం, ఈ ఒక్కటీ కూడా నాకు దక్కనివ్వవా అని. పద్దెనిమిదేళ్లు ఒక మనిషిని ద్వేషించి, ఒక్క తప్పు, ఒక్క సాక్ష్యం, చేతికందాక అది కూడా గంగమ్మకేనా.

అయితే ఇప్పుడు లేచి చెప్పాలా, ఇందులో ఒకటి దేవతది, తీసి చూడండి అని. చెబితే అందరూ నవ్వుకుంటారు, సైదులు బిడ్డకు పౌరుషం చల్లారిందంటారు, రత్నాకర్ మొహం మాడ్చుకుంటాడు, ముసలాడు భుజం తడతాడు. భుజం తడతాడన్న ఊహకే ఒళ్లు మండింది. తను అబద్ధం చెప్పనక్కర్లేదు కదా. ఈ సంఖ్య దేనితోనూ భాగం పోదు, ఇది నిజం, లోకంలో ఎక్కడికి పోయి అడిగినా నిజం, ఈ కుంట ఎండిపోయినా ఈ భవనం కూలిపోయినా నిజం. ఆనాడు ఆయన చెప్పింది మాత్రం అబద్ధమా. పెద్దలు పెట్టిన కట్టుబాటే, నిజమే చెప్పాడు, ఆ నిజం వెనక నిలబడి తమ్ముడి పేరు కుప్పల్లోంచి తీసేశాడు. నేనూ ఒక నిజం వెనక నిలబడతాను. అడిగిన దానికి జవాబు చెబుతాను. అడగనిది చెప్పాలని ఏ కట్టుబాటులో ఉంది. బయట కట్ట మీద జీపు చప్పుడు వినబడింది, అందరూ లేచారు, ఆమె కూడా లేచింది.

ఆఫీసరు చెమటతో, ఆలస్యమైన విసుగుతో వచ్చి నేరుగా పనిలోకి దిగాడు. గిన్నెలెన్ని పోశారని బుగ్గయ్యను అడిగాడు. ముసలాడు చేతులు కట్టుకుని నిలబడి, గీతలు లారీతో పోయాయని, మొదటి గిన్నె లెక్క తలలో ఉండేది గాని ఇప్పుడు లేదని, రాసింది మాత్రం పోసిందేనని చెప్పాడు. రత్నాకర్ అందుకుని సంతోషి వైపు చూపించాడు. ఆఫీసరు ఆమె వైపు తిరిగి, లెక్చరర్ అని విని కొంచెం మర్యాద గొంతులోకి తెచ్చుకుని, గిన్నెల లెక్కన ఈ సంఖ్య రాదంటున్నారు నిజమేనా అని అడిగాడు. గదిలో అందరూ ఆమె వైపు చూస్తున్నారు. బుగ్గయ్య కూడా చూస్తున్నాడు, భయంగా కాదు, ఆమె బోర్డు మీద ఏదో రాయబోతుంటే వెనక బెంచీలో కూర్చుని చూసే తండ్రిలా.

"ఒకటి, మళ్లీ అదే సంఖ్య. ఈ రెండు తప్ప దీన్ని నిశ్శేషంగా భాగించేది ఇంకొకటి లేదు సార్," అంది సంతోషి. గొంతు క్లాసులో గొంతులాగే వచ్చింది. "ఇది ప్రధాన సంఖ్య."

ఆఫీసరు తల ఊపి, అంటే కొలిచి వేసింది కాదన్నమాట అని తనకు తానే అనుకుని, పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాడు. గుంపులో గుసగుసలు లేచాయి, పరమేష్ ముందుకు వచ్చి ఏదో అనబోయాడు, గట్టిగా అనబోయాడు, బుగ్గయ్య చేయి అడ్డం పెట్టి ఆపాడు. ఆయన వేలి చివర్లు ఒకదాన్నొకటి తాకుతూ పోయాయి, గిన్నెలు మళ్లీ మొదటి నుంచి పోస్తున్నట్టు, ఎక్కడో మధ్యలో ఆగిపోయాయి. తర్వాత తలెత్తాడు.

"అది రాదన్నదంటె రాదు సార్," అన్నాడు. "దానికి లెక్క నేర్పింది నేనే. చిన్నప్పటి సంది ఒక్కపారి తప్పువోలే. నేనే యాడనో తప్పువోయిన, ముసలోణ్ణి, రాసుకోండ్రి."

సంతోషి నోరు తెరిచింది. ఏ మాట రావాలో ఆ మాట గొంతు దాకా వచ్చింది, తీసేయండి, ఒకటి తీసేయండి, అంతే, మూడు ముక్కలు, చెప్పడానికి ఊపిరంత సేపు పట్టదు. ఆఫీసరు రాస్తూనే ఉన్నాడు. సంఖ్య సరైంది కాదని ఒప్పుకుంటున్నానని, తీసుకునే చర్యకు కట్టుబడి ఉంటానని, పైకి చదివి వినిపించాడు. కోపం ఇంకా ఉంది, దాని చోట అది కదలకుండా ఉంది, దానికి ఇప్పుడు ఎదురుగా ఎవరూ లేరు, ఐనా ఉంది. ఆమె నోరు మూసుకుంది. ఆఫీసరు కాగితం బల్ల మీద తిప్పి ముందుకు జరిపాడు. బుగ్గయ్య చొక్కా జేబు తడుముకున్నాడు, కళ్లద్దాలు ఇంట్లోనే మరిచిపోయాడు, పెన్ను పట్టుకుని కాగితం మీదికి వంగి, అక్షరాలు ఆనక, గదిలో ఇంతమంది ఉండగా ఆమె వైపే చూశాడు.

"యాడ వెట్టాలె బిడ్డా?"

సంతోషి బల్ల దగ్గరికి వెళ్లి, సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించింది.